తాళం తప్పిన ఆటలు



కంప్యూటర్ కొనేటప్పుడు అందరూ ముందుగా అడిగేది దాని వేగం గురించే. నేను ఈరోజు అందుకు ఎదురుదిశలో నడిచే పని గురించి మాట్లాడతాను. పాత కంప్యూటర్‌ను కావాలని, ఓపిగ్గా, కొలిచి మరీ నెమ్మదింపజేసే పని ఇది. పాత యంత్రాలను బాగుచేసుకుని కాపాడుకునేవారు చాలా దేశాల్లో ఈ పని చేస్తున్నారు. నేనూ చేస్తుంటాను. చూసినవాళ్లు, వేగంగా నడిచే యంత్రాన్ని ఎందుకండీ మందగింపజేస్తారు అని అడుగుతారు. ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలంటే నలభై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

1980లలోనూ 1990ల మొదట్లోనూ వచ్చిన కంప్యూటర్ ఆటల్లో కొన్నింటిని ఆ తర్వాత వచ్చిన కంప్యూటర్లలో ఆడలేం. అవి తెరుచుకుంటాయి, నడుస్తాయి. కానీ కంటికి అందనంత వేగంగా నడుస్తాయి. శత్రువు ఎటునుంచి వచ్చాడో తెలిసేలోపే మన బొమ్మ ప్రాణం పోతుంది. ఆట ఫైలులో ఒక్క అక్షరం చెడలేదు. కంప్యూటర్‌లోనూ ఏ లోపమూ లేదు. ఆటకూ యంత్రానికీ మధ్య, ఎవరూ కాగితం మీద పెట్టని ఒక ఒప్పందం ఉండేది. అది చెదిరిపోయింది.

ఆ ఒప్పందం ఎలా పుట్టిందో చూద్దాం. 1981 ఆగస్టులో ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. అందులో ఉన్నది ఇంటెల్ 8088 ప్రాసెసర్. వేగం 4.77 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకు దాదాపు 47 లక్షల 70 వేల క్లాక్ సైకిళ్లు. ఈ అంకె ఇలా తిరకాసుగా ఉండటానికి కారణం అమెరికా కలర్ టెలివిజన్. మదర్‌బోర్డు మీద 14.31818 మెగాహెర్ట్జ్ దగ్గర కంపించే స్ఫటికం ఒకటి ఉండేది. దాన్ని నాలుగుతో భాగిస్తే అమెరికన్ టీవీలకు రంగు అందించే సంకేతం వస్తుంది. మూడుతో భాగిస్తే ప్రాసెసర్ వేగం వస్తుంది. పన్నెండుతో భాగిస్తే టైమర్ చిప్పు లెక్క వస్తుంది. ఒకే స్ఫటికంతో మూడు పనులు జరిగేవి. ఆ టైమర్ 65,536 అంకెలు లెక్కపెట్టినప్పుడల్లా ఒక టిక్కు కొట్టేది. అలా సెకనుకు 18.2 టిక్కులు. ఒక టిక్కుకూ ఇంకో టిక్కుకూ మధ్య 55 మిల్లీసెకన్లు. ఈ 55 అంకెను గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ దీనితో పని పడుతుంది.

ఇప్పుడు ఆట రాసే మనిషి ముందున్న ప్రశ్న ఆలోచించండి. బొమ్మను ఒక అడుగు జరిపాం. రెండో అడుగు వేయించే ముందు ఎంతసేపు ఆగాలి? ఆగకపోతే ఆటే లేదు. దీనికి రెండు దారులున్నాయి. టైమర్ టిక్కు కోసం కనిపెట్టుకుని ఉండి, అది వచ్చాక కదలడం మొదటిది. ప్రాసెసర్‌కు ఏదో ఒక ఉత్తపని అప్పగించడం రెండోది. 65,536 నుంచి వెనక్కి లెక్కపెట్టు, సున్నా వచ్చాక కదులు అని చెప్పడం అన్నమాట. ప్రోగ్రామర్లు దీన్ని డిలే లూప్ అంటారు.

సంగీతంతో పోల్చి చెబితే ఇది తేలిగ్గా పట్టుబడుతుంది. మొదటి దారి చేత్తో తాళం వేసుకుంటూ పాడటం. రెండోది తాళం లేకుండా, తన ఊపిరి నిడివినే కొలతగా పెట్టుకుని పాడటం. ఒకే గాయకుడు పాడినంతకాలం రెండూ ఒకేలా వినిపిస్తాయి. గాయకుడు మారిన రోజున, తాళం వేసిన పాట కాలప్రమాణం నిలుస్తుంది. ఊపిరితో కొలిచిన పాట కొత్త గాయకుడి ఊపిరిని బట్టి పరుగెడుతుంది.

ఎంత పరుగో లెక్క కట్టి చూద్దాం. 8088లో లూప్ అనే ఆదేశం ఒకసారి తిరగడానికి 17 క్లాక్ సైకిళ్లు పట్టేవి. 65,536 సార్లు తిప్పితే సెకనులో దాదాపు నాలుగో వంతు గడుస్తుంది. పది పన్నెండేళ్ల తర్వాత వచ్చిన 66 మెగాహెర్ట్జ్ 486 ప్రాసెసర్‌లో అదే ఆదేశానికి 7 సైకిళ్లు చాలు. సైకిళ్లూ తగ్గాయి, ఒక్కో సైకిలూ పొట్టిదైంది. రెండూ కలిసి పావు సెకను విరామాన్ని 7 మిల్లీసెకన్లకు కుదించాయి. ముప్పై రెట్లకు మించిన తేడా. ఒక నిమిషం పాటు సాగాల్సిన వేట రెండు సెకన్లలో అయిపోతే దాన్ని ఎవరు ఆడగలరు?

అయితే ఆ ప్రోగ్రామర్లను నిర్లక్ష్యపరులని అనుకోకూడదు. వాళ్ల ముందున్నది ఒకే రకం యంత్రం, ఒకే వేగం. ఐబీఎం తొలి కంప్యూటర్ 16 కిలోబైట్ల మెమరీతో కూడా అమ్ముడయ్యేది. అంత ఇరుకులో ప్రతి బైటూ విలువైనదే. డిలే లూప్ రాయడానికి నాలుగైదు బైట్లు సరిపోతాయి. పైగా సెకనుకు 18 టిక్కులంటే చకచకా కదలాల్సిన బొమ్మకు చాలా మోటు కొలత. టైమర్‌ను ఇంకా సన్నగా కొట్టేలా మార్చుకోవచ్చు, కానీ అలా మారిస్తే కంప్యూటర్ తన సొంత గడియారం కోసం వాడుకునే లెక్క తప్పకుండా కూడా చూసుకోవాలి. ఇన్ని చిక్కులున్నప్పుడు, ఎదురుగా ఉన్న యంత్రానికి సరిపోయేలా రాసుకోవడం ఆ రోజుల్లో సహజమైన పని.

తర్వాతి కాలం ఆ పనికి కలిసిరాలేదు. 1984లో ఐబీఎం వారే 6 మెగాహెర్ట్జ్ 286 ప్రాసెసర్‌తో ఏటీ అనే కంప్యూటర్ తెచ్చారు. 1986లో కంపాక్ సంస్థ 16 మెగాహెర్ట్జ్ 386 యంత్రాన్ని అమ్మింది. 1989లో 486, 1993లో పెంటియం వచ్చాయి. కొత్త యంత్రం కొన్నవారికి పాత ఆటలు పాడైపోయినట్టు అనిపించింది. దానికి కంప్యూటర్ తయారీదారులు వెతికిన మందే టర్బో బటన్. ఆనాటి క్యాబినెట్లు చూసినవారికి గుర్తుండే ఉంటుంది. పవర్ బటన్ పక్కన ఇంకో బటన్, ఎరుపో ఆకుపచ్చో రంగులో వెలిగే రెండంకెల తెర. ఆ బటన్ నొక్కితే యంత్రం నెమ్మదించేది. కొన్ని బోర్డుల్లో అది నేరుగా క్లాక్‌ను 4.77కు దించేది. కొన్నింటిలో మెమరీ దగ్గర ప్రాసెసర్‌ను అదనంగా కాసేపు నిలబెట్టేది. మరికొన్నింటిలో క్యాష్ మెమరీని ఆపేసేది. ఆ తెర మీది అంకె మాత్రం దేన్నీ కొలిచి చూపించేది కాదు. తెర వెనుక ఉన్న చిన్న జంపర్లను ఎలా గుచ్చితే అలాంటి అంకె కనిపించేది. వేగం ఎంతో నిజంగా తెలియాలంటే కొలిచే ప్రోగ్రాం నడపాల్సిందే.

యంత్రం వేగాన్ని ఆటకు అంటిన మురికిలాగా చూసేవారికి ఒక ఉదాహరణ చెప్పాలి. 1978లో జపాన్‌లో టైటో సంస్థ కోసం తొమొహిరో నిషికాదొ స్పేస్ ఇన్వేడర్స్ అనే ఆట తయారుచేశారు. వరసలు కట్టి దిగివచ్చే గ్రహాంతరవాసులను కాల్చే ఆట అది. అందులోని ప్రాసెసర్ అన్ని బొమ్మలను ఒకేసారి కదిలించలేదు. అందుకే మొదట్లో సైన్యం మెల్లగా కదులుతుంది. మనం కాల్చేకొద్దీ బొమ్మలు తగ్గుతాయి, ప్రాసెసర్‌కు బరువు తగ్గుతుంది, మిగిలినవి వేగం పుంజుకుంటాయి. చివరికి మిగిలిన ఒక్కటీ తెర మీద దూసుకుపోతుంది. నిషికాదొ ఆ మార్పును సరిదిద్దకుండా ఆటలో ఉంచేశారు. ఆడేవాడి గుండె వేగం పెంచింది అదే. యంత్రం మందగమనమే ఆటకు ఉత్కంఠను ఇచ్చింది. దాన్ని తీసేస్తే మిగిలేది ఆ ఆట కాదు.

తాళం వేసుకుని పాడినవారూ ఆ రోజుల్లోనే ఉన్నారు. 1984లో ఐబీఎం కంప్యూటర్లకు వచ్చిన ఆలీ క్యాట్ అనే పిల్లి ఆట తర్వాతి యంత్రాల మీద కూడా సరైన నడకతోనే నడుస్తుంది. జోర్డాన్ మెక్‌నర్ తయారుచేసిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా 1990లో, ఐబీఎం తరహా కంప్యూటర్లను నడిపే డాస్‌కు వచ్చింది. అందులో రాకుమారిని కాపాడటానికి ఇచ్చే గడువు 60 నిమిషాలు. 286 మీద ఆడినా పెంటియం మీద ఆడినా అవి గోడగడియారం ఒప్పుకునే 60 నిమిషాలే. అదే ఏడాది వచ్చిన వింగ్ కమాండర్ తీరు వేరు. అమెరికాలో క్రిస్ రాబర్ట్స్ నాయకత్వంలో ఆరిజిన్ సంస్థ తయారుచేసిన అంతరిక్ష యుద్ధం అది. ఆ కాలపు 386ల మీద ఆ ఆట ఒక అద్భుతం. ప్రాసెసర్ ఎన్ని దృశ్యాలు గీయగలిగితే ఆట అన్ని అడుగులు ముందుకు వేస్తుంది. పెంటియం మీద పెడితే శత్రు విమానం రెప్పపాటులో వెనక్కి వెళ్లిపోతుంది.

ఇలాంటి ఆటల్లో ఒక వింత గమనించవచ్చు. సంగీతం చాలాసార్లు సరైన వేగంతోనే వినిపిస్తుంది, బొమ్మలు మాత్రం పరుగెడతాయి. సంగీతాన్ని నడిపేది టైమర్, బొమ్మలను నడిపేది లూప్. సరైన వేగం వెతికేటప్పుడు నాకు మొదటి ఆధారం ఇదే. ఆట మొదట్లో వచ్చే దృశ్యమూ దాని సంగీతమూ ఎక్కడ ఒకదాన్నొకటి అందుకుంటాయో అక్కడ ఆగుతాను.

వేగం కొన్నిసార్లు ధ్వనినే లేకుండా చేస్తుంది. 1987లో వచ్చిన యాడ్‌లిబ్ సౌండ్ కార్డులో యమహా చిప్పు ఉండేది. దానికి ఒక మాట చెప్పాక 3.3 మైక్రోసెకన్లు, మరో రకం మాట చెప్పాక 23 మైక్రోసెకన్లు ఆగాలి. ఆ విరామాన్ని ఉత్త లూపుతో కొలిచిన ఆట, వేగం పెరిగిన యంత్రంలో చిప్పు సిద్ధం కాకముందే మాట్లాడేస్తుంది. జవాబు రాదు. కార్డు లేదనుకుని ఆట మూగదైపోతుంది.

ముందుచూపుతో రాసిన ప్రోగ్రాములు కూడా దెబ్బతిన్న కథ ఒకటుంది. బోర్లాండ్ సంస్థ టర్బో పాస్కల్ అనే తన ప్రోగ్రామింగ్ సాధనంలో డిలే అనే సదుపాయం ఇచ్చింది. అది ఏ యంత్రం మీదైనా సరైన విరామం ఇవ్వాలని కోరుకున్నారు. అందుకని ప్రోగ్రాం మొదలుకాగానే ఒక టైమర్ టిక్కులో లూపు ఎన్నిసార్లు తిరుగుతుందో లెక్కపెట్టి, దాన్ని 55తో భాగించేవారు. ఇందాక చెప్పిన 55 మిల్లీసెకన్లే ఇవి. వచ్చిన సంఖ్య ఆ యంత్రంలో ఒక మిల్లీసెకనుకు కొలత. తెలివైన పద్ధతి. కానీ ఆ సంఖ్యను దాచే గది 16 బిట్లది, 65,535కు మించి పట్టదు. 1990ల చివర్లో 200 మెగాహెర్ట్జ్ దాటిన పెంటియం టూ తరం ప్రాసెసర్లు వచ్చేసరికి భాగహారం జవాబు ఆ గదిలో ఇమడలేదు. ప్రోగ్రాం తన పని మొదలుపెట్టకుండానే రన్‌టైమ్ ఎర్రర్ 200 అని చెప్పి ఆగిపోయేది. సున్నాతో భాగించారని ఆ సందేశం అర్థం. నిజానికి అక్కడ సున్నా ఎక్కడా లేదు. జవాబు పొంగిపోయినా సున్నాతో భాగించినా ప్రాసెసర్ ఒకే గంట కొడుతుంది, అంతే. 1994లో వచ్చిన జాజ్ జాక్‌రాబిట్ అనే కుందేలు ఆట కూడా ఇలాగే ఆగిపోయింది. తాళం సరిగ్గానే వేశారు, కాని లెక్క పెట్టుకోవడానికి వేళ్లు చాలలేదు.

ఇక నెమ్మదింపజేసే పనిముట్ల దగ్గరికి వద్దాం. అన్నిటికంటే పాత పద్ధతి సాఫ్ట్‌వేర్. మోస్లో అనే ప్రోగ్రాం చాలామందికి తెలిసినది. ఇలాంటివి టైమర్ టిక్కుతో పాటే మేలుకుని, ప్రాసెసర్ కాలంలో కొంత భాగాన్ని ఉత్తపనిలో పోగొడతాయి. అవసరం తీరుతుంది గానీ నడక సాఫీగా రాదు. నూటికి రెండు పాళ్ల వేగం కావాలంటే, 55 మిల్లీసెకన్లలో ఒక మిల్లీసెకను ఆట నడిచి మిగతా సమయం స్తంభించిపోవచ్చు. సగటు సరిపోతుంది, కదలిక మాత్రం కుదుపులుగా ఉంటుంది. టైమర్‌ను తానే మార్చుకునే ఆటతో ఈ ప్రోగ్రాం తగువుపడుతుంది కూడా.

అంతకంటే మేలైనది క్యాష్ మెమరీని ఆపడం. 486 లోపల 8 కిలోబైట్ల క్యాష్ ఉంటుంది. తరచూ కావలసిన సమాచారాన్ని ప్రాసెసర్ చేతికందేలా పెట్టుకునే చోటు అది. బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని ఆపేస్తే ప్రాసెసర్ ప్రతి చిన్నదానికీ మెమరీ దాకా వెళ్లిరావాలి. వేగం పడిపోతుంది, నడక మాత్రం సమంగా ఉంటుంది. పెంటియంలో క్యాష్ ఆపితే ఒక్కసారిగా 386 దరిదాపులకు దిగిపోతుంది. మరి 486 వేగం కావలసిన ఆటకు ఏం చేయాలి? దానికీ దారి ఉంది. పెంటియంలో పరీక్షల కోసం ఇంటెల్ పెట్టిన రిజిస్టర్లు కొన్ని ఉన్నాయి. వాటి ద్వారా రెండు ఆదేశాలను పక్కపక్కన నడిపే సదుపాయాన్ని ఆపవచ్చు, ప్రోగ్రాంలో ముందున్న మలుపును ఊహించే సదుపాయాన్నీ ఆపవచ్చు. సెట్‌మల్ అనే చిన్న ప్రోగ్రాంతో డాస్ నుంచే ఈ మీటలన్నీ తిప్పుకోవచ్చు. ఒక్కొక్కటి ఆపుతూ పోతే ఒకే యంత్రంలో రకరకాల వేగాలు మెట్లు మెట్లుగా దొరుకుతాయి.

ఈ పని కోసమే పుట్టినట్టు ఉండే ప్రాసెసర్లు కొన్ని ఉన్నాయి. ఏఎండీ సంస్థ 2000లో లాప్‌టాప్‌ల కోసం తెచ్చిన కె6-2 ప్లస్ అందులో ఒకటి. బ్యాటరీ ఆదా చేయడానికి దాని గుణకాన్ని, అంటే బోర్డు వేగానికి ఎన్ని రెట్లు నడవాలో చెప్పే అంకెను, యంత్రం నడుస్తుండగానే మార్చుకునే వీలు ఇచ్చారు. రెండు నుంచి ఆరు దాకా మార్చవచ్చు. 66 మెగాహెర్ట్జ్ బోర్డు మీద రెండుకు దించితే అది 133 మెగాహెర్ట్జ్ యంత్రం. క్యాష్ కూడా ఆపితే ఇంకా పాత కాలంలోకి వెళ్లిపోతుంది. వయా సంస్థ సీ3 ప్రాసెసర్లతోనూ ఇలాంటి పని చేయవచ్చు. వేర్వేరు కాలాల ఆటల కోసం నాలుగైదు యంత్రాలు పెట్టుకునే చోటు లేనివారికి ఇవి వరం.

పాత యంత్రమే దొరకనివారికి డాస్‌బాక్స్ ఉంది. 2002 నుంచి అందుబాటులో ఉన్న ఈ ప్రోగ్రాం, ఇప్పటి కంప్యూటర్ లోపల ఒక పాత డాస్ కంప్యూటర్‌ను సృష్టిస్తుంది. అందులో సైకిల్స్ అనే అంకె మిల్లీసెకనుకు ఎన్ని ఆదేశాలు నడపాలో చెబుతుంది. 3000 అనేది చాలాకాలంగా ఉన్న మామూలు అమరిక. కంట్రోల్ కీతో ఎఫ్11 నొక్కితే తగ్గుతుంది, ఎఫ్12 నొక్కితే పెరుగుతుంది. మన తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ చదివినవారిలో ఎంతోమంది ఈ ప్రోగ్రాంను తెలియకుండానే వాడారు. కొత్త విండోస్‌లో టర్బో సి ప్లస్ ప్లస్ నడవక, డాస్‌బాక్స్‌తో కలిపి కట్టిన ప్యాకేజీని ల్యాబుల్లో వేసుకునేవారు. ఆ నీలం తెర వెనుక ఒక పాత యంత్రాన్ని నటిస్తూ కూర్చున్నది ఇదే.

మొత్తం ఆటనే తిరిగి రాసినవారూ ఉన్నారు. కెనడాకు చెందిన విండ్‌మిల్ సాఫ్ట్‌వేర్ 1983లో డిగ్గర్ అనే ఆట తెచ్చింది. సొరంగాలు తవ్వుతూ పచ్చలు ఏరుకునే ఆట. కొత్త యంత్రాల్లో అది నిలవలేకపోతే ఆండ్రూ జెన్నర్ పాత ప్రోగ్రాంను విప్పి, ఆదేశం తర్వాత ఆదేశం చదివి, 1998లో కొత్త యంత్రాలకు తగ్గట్టు తిరిగి నిలబెట్టారు. ఒక ఆట మీద అంత ప్రేమ, అంత ఓపిక.

మన దగ్గర 1990లలో అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లోనూ, ఊరూరా వెలిసిన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలోనూ పాఠం అయ్యాక డేవ్, పారాట్రూపర్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా వంటి ఆటలు ఆడిన తరం ఉంది. కంప్యూటర్ అంటే భయం పోయింది ఆ ఆటలతోనే అని చెప్పేవారు చాలామంది. ఆ యంత్రాలు తుక్కు బజారుకు వెళ్లాయి. తుక్కులో వాటి విలువ కిలోల లెక్క. కాని ఒక 486 బోర్డు అంటే, ఒక కాలపు నడకను ఇంకా తనలో ఉంచుకున్న వస్తువు. ఆట ఫైలు ఎక్కడైనా దొరుకుతుంది. అది నడవాల్సిన వేగం ఫైలులో రాసి ఉండదు, అది యంత్రంలోనూ ఆడినవారి చేతివేళ్లలోనూ ఉంటుంది.

అందుకే నాకు రెండు విన్నపాలున్నాయి. ఇంట్లోనో కాలేజీ గోదాములోనో పాత కంప్యూటర్ ఉంటే దాన్ని పారేసే ముందు, బోర్డు మీద గడియారం కోసం పెట్టిన బ్యాటరీ కారుతోందేమో చూసి తీసేయండి. దాని రసం రాగి గీతలను తినేస్తుంది. మదర్‌బోర్డు పేరు, జంపర్ల అమరిక ఒక కాగితం మీద రాసి క్యాబినెట్‌లోనే పెట్టండి. పాత ఆటలూ ప్రోగ్రాములూ భద్రపరిచేవారు పేరు, సంవత్సరంతో పాటు, ఏ ప్రాసెసర్ మీద ఎంత వేగంతో నడిస్తే సరిగ్గా ఉందో కూడా రాయండి. ఆడినవారు మన మధ్య ఉండగానే వారిని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ఇదేనా ఆ వేగం అంటే వాళ్లు ఇట్టే చెప్పగలరు.

రెండో విన్నపం ఈరోజు ప్రోగ్రాములు రాస్తున్న యువతకు. మీ ముందున్న యంత్రం ఎప్పటికీ ఇదే వేగంతో ఉండదు. మీ ప్రోగ్రాం కాలాన్ని కొలవాల్సి వస్తే గడియారాన్ని అడగండి, యంత్రం శ్రమను కొలతగా పెట్టుకోకండి. ఆ కొలతను దాచే గదిని, ఇవాళ ఊహించగలిగినదానికంటే పెద్దదిగా కట్టండి. నలభై ఏళ్ల తర్వాత మీ పనిని ఎవరో ముచ్చటపడి తెరుస్తారు. అది వారి చేతుల్లో సరైన కాలంలో నడవాలి.